ఖాళీ చేతులకే లైసెన్సు

నోటీసు వరహాలమ్మ పేరు మీద రాదు. ఆమె రెండు చేతుల పేరు మీద వస్తుంది. సంతకం కూడా పోస్ట్‌మ్యాన్ చేతులనే అడుగుతాడు. ఆమె ఏదో అనబోతే, "నువ్వాగు పిన్నీ, నీకేం రాలేదు" అంటాడు.

ఒళ్ళు పట్టేవాళ్ళూ, పసిబిడ్డలకు నూనె రాసి నీళ్ళు పోసేవాళ్ళూ అందరూ మర్దన నియంత్రణ మండలి దగ్గర లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు లేని చేతులకు లక్కతో సీలు వేస్తారు. నోటీసులో ఉన్నది అంతే. రేపు పొద్దున్నే చేపలమ్మే పైడమ్మ మనవరాలికి మొదటిసారి నీళ్ళు పోయాలి. సీలు పడ్డ చేతులతో పచ్చి తల ఎలా పట్టుకోవడం? వరహాలమ్మ ఆధార్ కార్డు కొంగున కట్టుకుంటుంది. ముడి ఊడిందేమోనని మూడుసార్లు తడుముకుని బస్సెక్కుతుంది.

కండక్టరు నోటీసు చదివి చేతులకు సీటు చూపిస్తాడు. చేతులు కిటికీ పక్కన కూర్చుంటాయి. ఆమె వాటి పక్కన నిలబడి, నడుము వంచి, ఆఫీసున్న ఊరు చేరేదాకా అలాగే ప్రయాణం చేస్తుంది.

మండలి ఆఫీసు వరండాలో చెప్పులు విడిచే చోటే మనుషులు కూర్చోవడానికి బెంచీలున్నాయి. విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాళ్ళు, బాలింతలకు నడుం పట్టేవాళ్ళు, పార్లర్లలో పనిచేసే అమ్మాయిలు వరసగా ఉన్నారు. పక్కనున్న పార్లరమ్మాయి జయప్రద తన వేళ్ళను ఒక్కొక్కటే దువ్వెనతో దువ్వుకుంటోంది.

"మామ్మా, మీ చేతులు భయపడుతున్నాయి."

"వాటికేటమ్మా భయం? నాకే."

"మీకెందుకు? పరీక్ష వాటికి కదా!"

వరహాలమ్మకు ఆ మాట సబబుగానే తోస్తుంది. అయినా కొంగు ముడి మరోసారి తడుముకుంటుంది.

లోపల ఇన్‌స్పెక్టరు పారినాయుడు, గాజులు తీసినంత మెల్లగా ఆమె చేతులను మణికట్ల దగ్గర తీసి త్రాసులో పెడతాడు. ముల్లు ఒక పక్కకు వాలిపోతుంది.

"బరువెక్కువుందమ్మా."

"ముసలి చేతులు బాబూ. ఎముకలు తప్ప ఏటున్నాయి వాటిల్లో?"

"ఎముకలు కాదు. లోపల ఎవరిదో తల ఉంది. చిన్నది. పదకొండు నెలల తల."

వరహాలమ్మ నేల చూపులు చూస్తుంది. అది ఆమె కూతురి తల. పేరు గౌరి. మొగుడు వేటకు వెళ్ళి సముద్రం నుంచి తిరిగి రాని ఏడు, పిల్లలు లేని బరంపురం దంపతులు ఆ పిల్లను పెంచుకుంటామని తీసుకెళ్ళారు. మళ్ళీ చూడటానికి రాకూడదన్నది వాళ్ళు పెట్టిన షరతు. ఆమె వెళ్ళలేదు. కానీ పిల్ల ఎడమ చెవి వెనక కందిగింజంత లొత్త, వేలికి మాత్రమే తెలిసే గుంట, ఒకటుండేది. దాన్ని ఆమె బొటనవేలు మరిచిపోలేదు. అప్పటినుంచీ ఎవరి బిడ్డకు నీళ్ళు పోసినా ఆ వేలు ముందు చెవి వెనక్కి వెళ్ళి వెతుకుతుంది. యాభై ఒక్క ఏళ్ళుగా వెతుకుతూనే ఉంది.

"లైసెన్సు ఖాళీ చేతులకే ఇస్తాం" అంటాడు పారినాయుడు. "పాత ఒళ్ళు లోపల పెట్టుకుని కొత్త ఒళ్ళు ముట్టుకోకూడదు. ఏడో నిబంధన. ఆ తల ఇక్కడ అప్పజెప్పీండి."

"అప్పజెప్పీస్తే నా వేలికి ఆనవాలెలాగ బాబూ? రేపు ఎదురుపడినా తెలవదు."

"తెలియకపోతే బాధుండదు కదమ్మా."

"అదేనయ్యా నా బాధ."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తిరగేస్తాడు. ఈ జవాబుకు అందులో నిబంధన లేదు. వెలుపల వరస పెరుగుతోంది. పైడమ్మ మనవరాలు గుర్తొచ్చి వరహాలమ్మ గొంతు తగ్గిస్తుంది.

"ఇచ్చే ముందర ఒక్కసారి నీళ్ళు పోస్తాను. నూనె మొహంతో పిల్లని ఎలాగ పంపీమంటావు?"

అది న్యాయమేనని పారినాయుడు ఒప్పుకుంటాడు. చేతులు తిరిగి ఆమెకు తొడుగుతాడు. బంట్రోతు గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలో నువ్వులనూనె తెచ్చి పెడతాడు. వరహాలమ్మ నేల మీద చతికిలబడి, చీర మోకాళ్ళ పైకి లాక్కుని కాళ్ళు బారచాపుతుంది.

కాళ్ళు చాపిన చోట ఆగవు. గుమ్మం దాటుతాయి, వరండా దాటుతాయి, మెట్లు దిగి రోడ్డు మీదికి వెళతాయి. నీళ్ళు పోసే కాళ్ళను దాటకూడదని అందరికీ తెలుసు. అందుకని జయప్రద దువ్వెన పట్టుకుని అక్కడే నిలబడిపోతుంది. ఆటోలు ఆగిపోతాయి. ఊరు సగం ఇటూ సగం అటూ ఆగి, పిల్ల స్నానం అయ్యేదాకా చూద్దామనుకుంటుంది. పాదాలు ఇచ్ఛాపురం దాటి, బరంపురం వైపు ఎక్కడో చల్లటి గచ్చుకు తగులుతాయి.

అక్కడ చీలమండల మీద ఎవరో వచ్చి పడుకుంటారు. బరువును బట్టి వయసొచ్చిన మనిషి. ఒరిగిన తీరును బట్టి మోకాళ్ళ నొప్పులున్న ఆడమనిషి.

చేతులు వరహాలమ్మ మణికట్లు వదిలి, ఆమె కాళ్ళ మీదుగా వేళ్ళతో నడుచుకుంటూ వెళతాయి. ఒకటి నూనెగిన్నె మోస్తుంది, ఒకటి నీళ్ళచెంబు. చాలాసేపటికి చేరతాయి. వీపు రుద్దుతాయి, పిక్కలు సాగదీస్తాయి, ముక్కు నొక్కి నిలబెడతాయి. రుద్దినకొద్దీ కాళ్ళ మీద బరువు తగ్గుతుంది. నలభై ఏళ్ళు, ఇరవై ఏళ్ళు, ఆరేళ్ళు. కడకు పదకొండు నెలలు. ఎక్కడో ఉన్న బొటనవేలికి కందిగింజంత లొత్త తగులుతుంది. ఇక్కడ వరహాలమ్మ కళ్ళు మూసుకుంటుంది.

కాసేపటికి ఉత్తరాన సాంబ్రాణి పొగ లేస్తుంది. తల ఆరుతోందన్నమాట.

"అయిపోయింది కదమ్మా" అంటాడు పారినాయుడు, స్టాంపు సిరాలో అద్ది. "చేతులు రాగానే ముద్ర వేసీస్తాను. ఖాళీగానే వస్తాయి కదా?"

నీళ్ళు పోసిన మనిషి బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టి మరీ వెళ్ళాలి. ఇన్నేళ్ళలో ఆమె ఎవరి బిడ్డనూ నేల మీద వదిలి రాలేదు.

"ఖాళీగా రావు బాబూ. వాటికి ఆ పని రాదు. పైడమ్మకి కబురెట్టండి, రేపు ఇంకో మనిషిని చూసుకోమని."

పారినాయుడు స్టాంపు మీద సిరా ఆరిపోయేదాకా ఊదుతాడు.

చేతులు బయలుదేరాయి. తువాలులో చుట్టిన పిల్లతో మడమల మీంచి పిక్కల మీదికి వస్తున్నాయి. అవి జానెడు నడిస్తే కాళ్ళు జానెడు పెరుగుతున్నాయి. రోడ్డుకు ఇటున్నవాళ్ళు అటున్నవాళ్ళకు, "వస్తున్నారు, వస్తున్నారు" అని చెబుతున్నారు.

వరహాలమ్మ వంగి, కొంగు పళ్ళతో పట్టుకుని లాగి, ముడి విప్పి ఆధార్ కార్డును పక్కకు ఊసేసి, కొంగును ఒడి నిండా పరుస్తుంది. కొంగు రెండో కొసను ఇన్‌స్పెక్టరు మోకాళ్ళూని పట్టుకుంటాడు.