కిటికీ పక్క రెండు గంటలు

నాకు నలభై ఏళ్ళు వచ్చేసరికి నా చదువంతా బస్సులోకి చేరింది. ఇంట్లో కుదరదు. ఇది ఫిర్యాదు కాదు, ఉన్న సంగతి చెబుతున్నాను. నేను పుస్తకం తెరిచానంటే ఇంట్లో అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది. అత్తయ్యకి మాత్రలు వేసుకోలేదని గుర్తొస్తుంది. మా ఆయన ఉదయ్ భాస్కర్ చొక్కా గుండీ అప్పుడే ఊడుతుంది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి లిఖితకి రేపు బళ్ళో ఇవ్వాల్సిన చార్టు జ్ఞాపకం వస్తుంది. పుస్తకం మూసేస్తే మళ్ళీ అందరూ హాయిగా టీవీ ముందు కూర్చుంటారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కారు. నా చేతిలో పుస్తకం ఉందంటే నేను ఖాళీగా ఉన్నానని వాళ్ళు అనుకుంటారు, అంతే.

ఖమ్మంలో ఖానాపురం హవేలిలో మా ఇల్లు. తిరుమలాయపాలెం మండలంలో ఒక పల్లె బళ్ళో ఎనిమిదేళ్ళుగా టీచర్ని. పోను గంట, రాను గంట. ఆ రెండు గంటలు నావి. బస్సు ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి కర్చీఫులూ తువ్వాళ్ళూ వేసి సీట్లు ఆపుకుంటారు కదా, నేను పుస్తకం వేసేదాన్ని. గ్రంథాలయం ముద్ర ఉన్న లావుపాటి పుస్తకాన్ని పక్కకి జరిపి కూర్చునే ధైర్యం ఆ ఎనిమిదేళ్ళలో ఒక్కరికే వచ్చింది, ఆయన ఏదో పార్టీ మనిషి. దారిలో బస్సు చెడిపోయి అందరూ డ్రైవర్ని తిడుతుంటే, ఇంకో అధ్యాయం దొరికిందని నేను లోపల్లోపల సంబరపడేదాన్ని.

మిగతా ఇరవై రెండు గంటల్లో ఏం చేశావని అడిగితే వరసగా చెప్పగలను. ఏమనిపించిందని అడిగితే మాత్రం చెప్పలేను. అన్నీ చేసేదాన్ని. మా నాన్న పోయిన రోజు కూడా వచ్చినవాళ్ళందరికీ టీ అందిందా లేదా అని చూసుకున్నాను. నన్ను చూసి చుట్టాలు గట్టి మనిషి అన్నారు. నేను గట్టిదాన్ని కాను. నాకేమీ తెలియలేదు.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో బదిలీల కౌన్సెలింగ్ వచ్చింది. ఒకే బళ్ళో ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళు కదలాల్సిందే. ఖాళీల జాబితాలో ఖానాపురం హవేలి బడి ఉంది, మా ఇంటికి పది నిమిషాల నడక. మా ఆయన జాబితా జిరాక్సు తీయించి, ఆ బడి పేరు కింద ఎర్ర గీత గీసి తెచ్చాడు.

"నీది ముప్ఫై ఆరో నంబరు. నీ ముందున్నోళ్ళందర్ని అడిగొచ్చిన. ఇటు దిక్కు ఎవ్వరు రారు. ఇగ నీదే అనుకో."

"పగలు ఇంటికొచ్చి ఇంత అన్నం తిని పోవచ్చు. నాకు ఇన్ని చాయ్ నీళ్ళు గూడ పోసి పోతవ్" అంది అత్తయ్య.

లిఖిత ఎగిరి గంతేసింది. ఇంత సంబరం మా ఇంట్లో నా గురించి ఎప్పుడూ జరగలేదు. నేనూ నవ్వాను. నడుస్తూ చదవడం ఎలాగో ఆలోచిస్తూ నవ్వాను.

కౌన్సెలింగ్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. నా నంబరు పిలిచారు. బల్ల దగ్గరికి వెళ్ళగానే అక్కడున్న ఆఫీసరు నా కాగితాలు చూసి, "ఖానాపురం ఖాళీగనే ఉన్నదమ్మా. మీ అడ్రసు గూడ అదే. రాసుకోమంటరా?" అన్నాడు.

నేను జాబితా కేసి చూశాను. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే రోడ్డులో, ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట ఇప్పలగుంపు అని ఒక ఊరుంది. పోను దాదాపు రెండు గంటలు, రాను రెండు గంటలు.

"ఇప్పలగుంపు, సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "తెలిసే అడుగుతున్నరా? సంతకం పెట్టినంక మార్చెటందుకు లేదు. రెండేండ్ల దాంక కదలలేరు."

తెలుసన్నాను. సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే భయం వేయలేదు, ఆనందమూ వేయలేదు. నాలుగు గంటలు అనుకున్నాను, అంతే.

మా ఆయన గేటు దగ్గర చల్లని నీళ్ళ ప్యాకెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండకి మొహమంతా కందిపోయింది. నా మొహం చూడగానే ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ పోయిన నవ్వులోంచే నాకు అబద్ధం దొరికింది.

"పోయింది" అన్నాను. "నా ముందు ఒకామె తీసుకుంది. గుండె ఆపరేషన్ అయిందట. జబ్బు మనుషులని ముందు పిలిచారు."

ఇన్ని నవలలు చదివినదాన్ని, ఆ మాత్రం కల్పించలేనా. ఆయన ఆ మనిషిని ఒక్క మాట కూడా అనలేదు. "పాపం, ఆమెకు గూడ అక్కరనే గద" అన్నాడు. అత్తయ్య అయితే ఆ లేని మనిషి గుండె చల్లగా ఉండాలని ఆ శనివారం గుళ్ళో కొబ్బరికాయ కొట్టించింది.

జూన్ నుంచి దసరా దాకా నేను చదివినంత జన్మలో చదవలేదు. పొద్దున్నే ఆరుంబావుకి బస్సు. వైరా దాటేదాకా జనం మోకాళ్ళు తగులుతూ ఉంటాయి. తల్లాడ దాటాక కాస్త ఊపిరాడుతుంది. ఏన్కూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెట్లే, బస్సులో ఇప్పపూల మూటల వాసన, కోయ మాటలు. నాకు ఆ మాటలు అర్థం కావు కాబట్టి చదువుకి అడ్డం రావు. సాయంత్రం ఏడింటికి ఇంట్లో పడేదాన్ని. అన్నం తింటున్నా ఇంకా పుస్తకంలోనే ఉండేదాన్ని, అందుకని మాట్లాడేదాన్ని కాదు. కదిలే బస్సులో చదివి చదివి కళ్ళు ఎర్రబడి ఉండేవి. నేను దారి పొడుగునా ఏడుస్తున్నానని మా ఆయన అనుకున్నాడు.

ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఆయన నా కంచంలో తనే అన్నం వడ్డించడం మొదలుపెట్టాడని. నేను వచ్చేసరికి నీళ్ళు కాగి ఉండేవి. పెళ్ళయిన పదిహేనేళ్ళకి ఆయనకి గ్యాసు పొయ్యి వెలిగించడం వచ్చింది. నేను అవన్నీ తీసుకున్నాను. ఊరుకుని తీసుకున్నాను.

దసరా ముందు ఒక సాయంత్రం ఆయన జేబులోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఆయన ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. అది కొత్తగూడెం బదిలీ ఆర్డరు.

"ఖమ్మం ఇడిసిపెట్టి ఆ దిక్కు అడిగి పోయేటోణ్ణి నిన్నే చూస్తున్న అని మా సారు నవ్విండు" అన్నాడు. "దరఖాస్తు పెట్టిన పదో రోజే వచ్చింది. మీ బడి ముంగటనే ఇల్లు కిరాయికి మాట్లాడిన. నువ్వు నడిచి పోతవ్. నేను, పాప బస్సుల కొత్తగూడెం పోతం. గంట గూడ పట్టదు. నీకు నాలుగు గంటల కష్టం తప్పుతది."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "లిఖిత బడి?" అని మాత్రం అడిగాను.

"నేనే సరేనన్న అమ్మా" అంది లిఖిత. దానికి ఖమ్మం బళ్ళో ఖోఖో జట్టు ఉంది, వారం రోజులు ఎదురుగా కూర్చున్నా కబుర్లు తరగని స్నేహితురాలు భవాని ఉంది. "రోజూ గట్ల ఏడ్చుకుంట పోతుంటే మాకు మంచిగుంటదా?"

నేను తలూపాను.

ఇప్పలగుంపులో మా ఇల్లు బడి ఎదురుగానే. వంటింట్లోంచి బడి గంట కనిపిస్తుంది. చిల్లపెంకుల ఇల్లు, చేతిపంపు నీళ్ళు. రోడ్డు దాటితే ఉద్యోగం, రోడ్డు దాటితే ఇల్లు. టీచరమ్మ ఊళ్ళోనే ఉంటోందని తెలిశాక సాయంత్రాలు జనం కాగితాలు పట్టుకుని రావడం మొదలైంది. ఉపాధి హామీ పని కార్డులో పేరు తప్పు పడిందని సమ్మయ్య అనే ఆయన నాలుగుసార్లు వచ్చాడు. వాళ్ళు వెళ్ళాక అత్తయ్య ఉంటుంది. కొత్త ఊళ్ళో ఆమెకి మాట్లాడే మనిషి లేదు, కాబట్టి నేనే. అటకమీద పుస్తకాల పెట్టె అలాగే ఉంది. నేను దించలేదు.

లిఖితకి బస్సు పడలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, ఊరెళితే వాంతులు. ఇప్పుడు రోజూ ఊరెళుతోంది. పొద్దున్న టిఫిను తినకుండా, ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని ఎక్కేది. సాయంత్రం తనొక్కతే ఐదింటి బస్సుకి వచ్చి, తెల్లగా పాలిపోయి మంచం మీద పడుకునేది. ఏమీ అనేది కాదు. అంటుందేమోనని నేను చూసేదాన్ని. అని ఉంటే ఏదో ఒకటి జరిగేది.

కార్తీకంలో మా ఆయన ఒకరోజు, "బస్సుల పొద్దు పోతలేదు. పాపేమో నా భుజం మీద కండ్లు మూసుకుంటది. నీ తాన ఏదన్న పుస్తకముంటే ఇయ్యరాదూ" అన్నాడు. ఆయన పేపరు తప్ప ఏమీ చదివిన మనిషి కాదు. పెట్టె దించి, చేతికందిన ఒక నవల ఇచ్చాను. మొదటి వారం ఇరవై పేజీలు. రెండోవారం నుంచి ఆయన ఇంటి మెట్టు మీద ఆగి, పేజీ పూర్తి చేసి లోపలికి రావడం చూశాను. ఒకరోజు స్టేజీ దాటి పోయి ఏన్కూరు నుంచి వెనక్కి నడిచొచ్చానని నవ్వుతూ చెప్పాడు. అత్తయ్య నవ్వింది. నేను బియ్యం ఏరుతున్నాను.

ఒక ఆదివారం పొద్దున చిక్కుళ్ళు తుంచుతున్నాను. ఆయన పుస్తకంలో వేలు పెట్టి మూసి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"నిర్మలా, ఒకటడుగుత. ఖానాపురం బడి నిజంగనే ఆ ఆపరేషన్ ఆమె తీస్కున్నదా?"

"ఎందుకడుగుతున్నారు?"

"నిన్న దార్ల బస్సు చెడిపోయి గంట నిలవడ్డది. అందరు తిడుతున్నరు. నాకు మాత్రం మంచిగనిపిచ్చింది." పుస్తకం వైపు చూశాడు. "అప్పుడు నువ్వు గుర్తుకొచ్చినవ్."

చిక్కుడుకాయ తుంచాను. అబద్ధం చెప్పడానికి నా దగ్గర ఓపిక లేదు. "లేదు. ఖాళీగానే ఉంది. నేనే ఇది అడిగాను."

"ఆ ఆమె?"

"అసలు లేదు."

"మరి నీ కండ్లు ఎర్రగుండేటియి?"

"చదివి."

బయట చేతిపంపు దగ్గర లిఖిత తన యూనిఫాం తనే ఉతుక్కుంటోంది, ముందు రోజు బస్సులో పాడైనది. ఆయన అటే చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆయన నన్ను తిట్టడానికి సరైన కారణం దొరికింది.

"పాపకు మాత్రం చెప్పకు" అన్నాడు. "అది నీ కోసమని వచ్చింది."

లేచి వెళ్ళి పంపు కొట్టాడు. లిఖిత బకెట్టు నిండేదాకా కొట్టాడు.

మర్నాడు ఇద్దరూ బస్సుకి వెళ్ళాక చూస్తే పుస్తకం కిటికీలో ఉంది. మర్చిపోయాడేమో అనుకున్నాను. మంగళవారం కూడా అక్కడే ఉంది. ఆ సాయంత్రం బడి అయ్యాక సమ్మయ్య రాలేదు, అత్తయ్య నిద్రపోతోంది. ఎన్ని నెలల తర్వాతో ఇల్లు నిశ్శబ్దంగా దొరికింది. ఆయన కొస మడిచిన పేజీ దగ్గర తెరిచాను. ఒకే వాక్యం నాలుగుసార్లు చదివాను. సిగ్గు వేసింది, మొహం కాలిపోయేంత సిగ్గు. ఎన్నో ఏళ్ళుగా నాకు ఇంత గట్టిగా ఏదీ తెలిసింది లేదు. ఆయన దాచమన్నది నా మంచికే. కానీ ఆ దాచుకున్న దాని మీద కూర్చుని ఇంకో పేజీ తిప్పడం నా వల్ల కాలేదు.

ఐదింటి బస్సు వేళకి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడ్డాను. లిఖిత దిగింది. చున్నీతో మూతి తుడుచుకుంటూ నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందమ్మా, ఇక్కడున్నవ్? నాయినమ్మకు ఏమన్నయిందా?"

"ఏం కాలేదు. నీకో మాట చెప్పాలి." బస్సు వెళ్ళిపోయేదాకా ఆగాను. "ఖమ్మంలో మన ఇంటి పక్క బడి నాకే ఇస్తామన్నారు లిఖీ. నేనే వద్దన్నాను. మీకు అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"బస్సులో చదువుకోవచ్చని."

ఎంతో చెప్పాలనుకున్నాను. ఇంటి పని, అలసట, నా రెండు గంటలు. రోడ్డు మీద నిలబడితే చెప్పడానికి అంతకంటే ఏమీ మిగల్లేదు. లిఖిత నా మొహంలోకి చూసింది, నేను నవ్వుతానేమో, తమాషాకి అన్నానేమో అన్నట్టు.

"నాకు రోజూ వాంతులైతున్నయ్ గదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు.

బ్యాగు ఇమ్మని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. రెండో భుజానికి మార్చుకుని, ఇంటి వైపు తనే ముందు నడిచింది.