పదహారంగుళాల కోత

దక్షిణామూర్తికి ముక్కు మీద కోపం, జేబులో టేపు ఎప్పుడూ ఉంటాయి. సస్కటూన్‌లో విత్తనాలు నాటే యంత్రాలు తయారుచేసే కంపెనీలో ముప్ఫై రెండేళ్లు డిజైన్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మనిషి. డెబ్భై మూడేళ్లొచ్చినా టేపు లేకుండా గుమ్మం దాటడు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా వాళ్ల కిచెన్ అరుగో, కిటికీయో కొలవకుండా తిరిగిరాడు. అది చూసి భార్య శాంత నవ్వుకుంటుందే తప్ప పైకేమీ అనదు.

ఆయన దగ్గర 1967 నాటి మెర్క్యురీ పికప్ ట్రక్కు ఒకటుంది. ఆకుపచ్చ రంగు, వెనక సామాను వేసుకోడానికి ఎనిమిదడుగుల తొట్టి. ఇరవయ్యేళ్ల కిందట ఒక రైతు పొలంలో గడ్డి మధ్య తుప్పుపట్టి ఉంటే తెచ్చి, ఒక్కొక్క బోల్టూ విప్పి బాగుచేసుకున్నాడు. కిందటేడు మోకాళ్లు మెట్లెక్కనివ్వక పెద్ద ఇల్లు అమ్మేసి వరస ఇళ్లలో మెట్లు లేని చిన్న టౌన్‌హౌస్‌కి మారినప్పుడు పుస్తకాలకీ, పెరట్లో చెర్రీ చెట్టుకీ నమస్కారం పెట్టి వచ్చేశాడు గాని, ట్రక్కు దగ్గర మాత్రం మొండికేశాడు. అదంటే ఆయనకి ప్రాణం.

చిక్కేమిటంటే కొత్త గరాజ్‌కి ట్రక్కు పధ్నాలుగు అంగుళాలు ఎక్కువ. తోక బయటే ఉండిపోతుంది, తలుపు మూసుకోదు. వేసవంతా ఎలాగో గడిచింది. సెప్టెంబరులో టౌన్‌హౌస్ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. మంచు తీసే బండికి అడ్డం లేకుండా నవంబరు ఒకటి నుంచి వాహనాలన్నీ గరాజ్ లోపలే ఉండాలట.

మిల్టన్‌లో ఉండే కూతురు విద్య ఆ వార్త వినగానే రెజైనాలో కొనేవాణ్ని వెతికిపెట్టింది. "నాన్నా, ప్లీజ్. జస్ట్ సెల్ ఇట్. ఎట్ యువర్ ఏజ్ ఇదంతా ఎందుకు?" అంది ఫోన్లో.

వయసు మాట ఎత్తేసరికి మూర్తికి ఎక్కడో కాలింది. "ట్రక్కుని కురచ చేస్తాను. నవంబరు ఒకటికి తలుపు మూతపడకపోతే ఆ రెజైనా అతనికే ఇచ్చేస్తాను, సరేనా!" అని మాట ఇచ్చేశాడు.

ట్రక్కుని కురచ చేయడం అసాధ్యమేం కాదు. పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఇంటి దగ్గరే చేసుకుంటారు. అడుగున నిలువునా రెండు ఇనుప దూలాలుంటాయి. తొట్టి ఊడదీసి, వెనక ఇరుసుకి ముందు రెండు దూలాల్లోంచీ, పధ్నాలుగుకి కాస్త వెసులుబాటు కలిపి, పదహారంగుళాల ముక్క కోసేసి, వెనక భాగాన్ని ముందుకి జరిపి వెల్డింగ్ చేయాలి. తరవాత తొట్టినీ ఆ మేరకు తగ్గించుకోవాలి. రెండు దూలాల్లోనూ ఒకే కొలత కోయడమే ఇందులో ప్రాణం.

కొలతల దగ్గర మూర్తికి సొంత పద్ధతి ఒకటుంది. టేపు చివర కొక్కెం అరిగిపోతుంది కాబట్టి దాన్ని నమ్మకూడదంటాడు. ఒకటో అంగుళం గీత దగ్గర మొదలుపెట్టి కొలుస్తాడు. పదహారు కావాలంటే పదిహేడు దగ్గర గుర్తు పెట్టాలన్నమాట. తొట్టి ఊడదీసి, మూడు రోజులు దూలాల కింద పడుకుని లేచి, సుద్దముక్కతో గీతలు గీసి, అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. ఇక ఇనుము కోసే గ్రైండర్ అందుకోవడమే తరువాయి అనుకునేసరికి శాంత అడ్డుపడింది.

"రేపు దసరా. పనిముట్లు ముట్టుకోవడానికి వీల్లేదు. పూజ చేసి ఎల్లుండి కోసుకోండి" అంది.

ఆయుధ పూజ దగ్గర ఆవిడతో వాదించి గెలిచిన చరిత్ర మూర్తికి లేదు. దసరా పొద్దున్న స్నానం చేసి గరాజ్‌లోకి వచ్చేసరికి గ్రైండర్‌కీ, సుత్తికీ, చివరికి టేపుకీ పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు. ఇనుప దూలాలు తళతళలాడుతున్నాయి, వాటి మీదా వరసగా బొట్లు. సుద్దగీత మాత్రం ఒక్కటి లేదు.

"నా గీతలేవీ?"

"జిడ్డుగా ఉంటే తడిగుడ్డతో తుడిచానండీ. మళ్లీ గీసుకోవచ్చుగా!"

పండగపూట అని కూడా చూడకుండా మూర్తి ఇంతెత్తున లేచాడు. "మూడు రోజుల పని! బుద్ధుందా నీకు? పూజకి పైభాగం చాలదా, అడుగు కూడా కడగాలా?" అంటూ కేకలు పెట్టాడు. అది చాలక విద్యకి ఫోన్ చేసి మీ అమ్మ ఇలా చేసిందని చెప్పాడు. శాంత తన పాటికి తాను పులిహోర కలుపుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కిరాణా సంచీ ఒకటి చింపి, ఖాకీ కాగితాన్ని సాపు చేసి తెచ్చింది. మాల్‌లో బట్టల ఆల్టరేషన్ షాపులో పాతికేళ్లు పనిచేసింది శాంత. ఊళ్లో సగం మంది ప్యాంట్లు ఆవిడ చేతిలోనే కురచయ్యాయి.

"దీని మీద ఒక్కసారి కొలవండి. ఇదే రెండు పక్కలా పెట్టి గీసుకుందాం. ప్యాంటు కాళ్లు మేం అలాగే కత్తిరించేవాళ్లం. ఒక్కో కాలు విడిగా కొలిస్తే ఏదో ఒకటి పొట్టిదైపోతుంది" అంది.

ట్రక్కుకీ ప్యాంటుకీ పోలికేమిటని నోటిదాకా వచ్చింది. పాపం, చేసిన తప్పు దిద్దుకోవాలని చూస్తోందిలే అని జాలిపడి సరేనన్నాడు. కాగితం పెట్టి ఎడమ దూలం మీద గీశారు. అదే కాగితం కుడి దూలం మీదా పెట్టారు. పాత అంకెలతో సరిచూద్దామని మూర్తి నోట్‌బుక్ తెరిచాడు.

ఎడమ, పదిహేడు. కుడి, పదహారు.

ఇంకోసారి చదివాడు. ఎడమ పక్క లెక్క ప్రకారం ఒకటి కలిపి గుర్తుపెట్టాడు. కుడి పక్క కలపడం మరిచిపోయాడు. అంటే ఆ పక్క కోత పదిహేనే పడేది. అలా కోసి అతికించి ఉంటే ఇరుసు వంకరగా కూర్చుని, బండి ఎండ్రకాయలా పక్కకి నడిచేది. నవంబరులోగా దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

కాగితం రెండో కొస పట్టుకుని శాంత ఎదురింటి వాళ్ల ఎర్రటి మేపుల్ చెట్టు వైపు చూస్తోంది. నువ్వు తుడవడమే మంచిదయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. తేలుకుట్టిన దొంగలా నోట్‌బుక్ మూసి జేబులో పెట్టేసుకున్నాడు.

ఆ శనివారం పాత కంపెనీలో వెల్డరుగా చేసిన షాలేమ్ రాజు తన మెషిన్ వేసుకుని వచ్చాడు. మూర్తి కోశాడు, రాజు అతికించాడు. "మూర్తి గారూ, రెండు పక్కలా వెంట్రుకవాసి తేడా లేదండీ! ఏం కొలిచారండీ బాబూ!" అన్నాడు రాజు మాస్కు పైకెత్తి. మూర్తి దగ్గు వచ్చినట్టు నటించాడు.

ఆ మాట అప్పుడప్పుడూ గుచ్చుకుంటున్నా, తరవాత మూడు వారాలూ ఆయన హాయిగా బతికాడు. తొట్టి తగ్గించాడు, కొత్త చెక్కలు పరిచాడు. శాంత ఫ్లాస్కుతో టీ తెచ్చి పక్కనే మడతకుర్చీలో కూర్చుని సీటుకి కవరు కుట్టింది. చేతినిండా పని, పక్కన మనిషి, కడుపులో వేడి టీ. రిటైరయ్యాక ఇంత సుఖం ఆయన ఎరగడు.

అక్టోబరు ముప్ఫైన మధ్యాహ్నం మంచు సన్నగా రాలడం మొదలైంది. మూర్తి ట్రక్కుని లోపలికి నడిపాడు. శాంత వెనక నిలబడి "రానివ్వండి, ఇంకాస్త, ఇంకాస్త, చాలు!" అంది. బటన్ నొక్కితే గరాజ్ తలుపు గరగరమంటూ దిగి నేలకి ఆనింది. ట్రక్కుకీ తలుపుకీ మధ్య సరిగ్గా రెండంగుళాలు.

వీడియోలో చూస్తున్న విద్య చప్పట్లు కొట్టింది. "వావ్ నాన్నా! యూ డిడ్ ఇట్! అమ్మ మార్క్స్ అన్నీ తుడిచేసినా కూడా! అమ్మా, నెక్స్ట్ టైమ్ నాన్న స్టఫ్ ముట్టుకోకు, ఓకే?"

"సరేలేవే" అని నవ్వేసింది శాంత.

ఆ నవ్వు మూర్తి భరించలేకపోయాడు. ఫోన్ పెట్టేయగానే నోట్‌బుక్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "తప్పు నాదే శాంతా. కుడి పక్క ఒక అంగుళం తప్పు గీశాను. నువ్వు తుడవకపోయుంటే ఈపాటికి ట్రక్కు రెజైనాలో ఉండేది. అదంతా దాచిపెట్టి నీ మీద నింద వేశాను."

శాంత ఆ పేజీ వైపు చూడనైనా లేదు. "నాకు తెలుసు. దసరా ముందురోజే జానతో కొలిచాను. ఎడమ పక్క రెండు జానలు సరిగ్గా వచ్చింది. కుడి పక్క బొటనవేలి వెడల్పంత తక్కువ."

"మరి చెప్పలేదేం?"

"అసలే విద్య వయసు మాట ఎత్తి మిమ్మల్ని బాధపెట్టింది. ఆపైన నేను కూడా తప్పులెన్నడం ఎందుకులే అని తుడిచేశాను."

మూర్తి ట్రక్కు మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు. నలభై ఆరేళ్ల కాపురంలో శాంత చేసిన పొరపాట్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. వాటిలో ఒకటి దగ్గర ఆగిపోయాడు. 1991లో పై ఆఫీసరుతో గొడవపడి, రాజీనామా ఉత్తరం రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్న లేచేసరికి ఆ చొక్కా వాషింగ్ మెషిన్‌లో తిరుగుతోంది. ఉత్తరం పేలికలై బయటికొచ్చింది. రెండు రోజులు శాంతతో మాట్లాడలేదు. ఈలోగా కోపం చల్లారింది, మళ్లీ రాయలేదు. తరవాత ఇరవై ఒక్కేళ్లు ఆ ఉద్యోగమే వాళ్లకి అన్నం పెట్టింది.

"శాంతా, ఆ చొక్కా..." అన్నాడు మెల్లగా. "జేబులో ఉత్తరం ఉన్న చొక్కా. అది కూడానా?"

శాంత ఆయన భుజం మీద ఇనుపరజను దులిపి, ఇంట్లోకి వెళ్లే తలుపు తీసింది.

"జేబులు చూడకుండా నేనెప్పుడైనా బట్టలు ఉతికానా?" అంది.