మూల గదిలో ఇంజెక్షన్

మూల గదిలోని ముసలావిడకు మొన్ననే తుంటి ఆపరేషనైంది. పొద్దున ఆవిడకు నొప్పి ఇంజెక్షన్ వెయ్యడానికి వెళ్ళిన చిన్న నర్సు, ట్రే అలాగే పట్టుకుని తిరిగొచ్చింది. వార్డులో అందరికన్నా చిన్నది గనక ఆమెను అంతా బుజ్జి అనేవారు.

"ఏమైందే?" అంది హెడ్ నర్సు.

"వాళ్ళబ్బాయి వద్దన్నాడక్కా. ముస్లింలని నమ్మలేరట. సూదిలో ఏం కలుపుతానో ఎవరికి తెలుసన్నాడు." బుజ్జి తలకు చుట్టుకున్న స్కార్ఫును ఊరికే సర్దుకుంది.

హెడ్ నర్సుకు ఒళ్ళు మండిపోయింది. ఏళ్ళ తరబడి రోగుల తిట్లు చాలానే దిగమింగింది గాని, ఇది గొంతు దిగలేదు. మిగతా నర్సులను పిలిచి ఒకటే మాట చెప్పింది: వేస్తే బుజ్జే వెయ్యాలి, లేకపోతే ఎవరూ వెయ్యకూడదు. అందరూ సరేనన్నారు. డ్యూటీల దగ్గర రోజూ నువ్వెంతంటే నువ్వెంతనుకునే ఇద్దరు కూడా పక్కపక్కనే నిలబడ్డారు.

సంగతి తెలిసి ఆసుపత్రి మేనేజర్ వచ్చాడు. "ఇంకొకరు వెళ్తే పోయేదేముందమ్మా?"

"ఈ రోజు వెళ్తే రేపట్నుంచి ప్రతి గదిలోనూ ఇదే మాట వస్తుంది సార్," అంది హెడ్ నర్సు.

కొడుకు చేతులు కట్టుకుని తలుపుకడ్డంగా నిలబడ్డాడు. లోపల ముసలావిడ మూలగడం మొదలుపెట్టింది. మొదట సన్నగా, తర్వాత పళ్ళు బిగబట్టి, ఆ తర్వాత చిన్నపిల్లలా "అమ్మా, అమ్మా" అని. నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. కొడుకు మాత్రం కదల్లేదు.

చివరికి బుజ్జే ట్రే తెచ్చి హెడ్ నర్సు చేతిలో పెట్టింది. "మీరెళ్ళండక్కా. వినడం నావల్ల కావట్లేదు."

"నువ్వే వెనక్కి తగ్గితే ఎలాగే?"

"ఆవిడేం చేసిందక్కా?"

హెడ్ నర్సు ఆ ట్రేతోనే మూల గదిలోకి నడిచింది. ఇంజెక్షన్ వేసింది.

"ఈ పనేదో ముందే చేసుంటే ఇంత రాద్ధాంతం ఉండేదా?" అన్నాడు కొడుకు.

ఆమె ఖాళీ సిరంజిని ట్రేలో పెట్టింది. మంచం మీద ముసలావిడకు అప్పుడే నిద్రతో కళ్ళు మూతలు పడుతున్నాయి.

మర్నాడు బుజ్జిని మందుల స్టోరుకు మార్చారు. ఆమె మంచికేనట. నర్సులంతా కలిసి మేనేజర్ గదికి వెళ్ళారు. ఆయన అందరికీ కుర్చీలు వేయించి, ఓపిగ్గా విని, పైవాళ్ళతో మాట్లాడతానన్నాడు. వారం గడిచినా ఆ పైవాళ్ళెవరో ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నాలు హెడ్ నర్సు తన అన్నం డబ్బా పట్టుకుని స్టోరుకు వెళ్ళేది. మందుల పెట్టెల మధ్య ఇద్దరికీ ఒకటే బల్ల.

"ఇక్కడ హాయిగానే ఉందక్కా. ఎవరూ ఏమీ అనరు," అంది బుజ్జి.

"తినవే," అంది హెడ్ నర్సు. తన డబ్బా ఆమె వైపు జరిపింది.