చప్పుడు కాని బరువులు

మా బాబాయి నడిపే జిమ్‌లో బరువులెత్తే తీరు చూసి కొత్తవాళ్లు ముందు నవ్వుతారు. ఇనుప బిళ్లలు లేవడానికి ఒక యుగం, దిగడానికి ఇంకో యుగం. ఈ నిదానం ఏ శాస్త్రంలోంచి పుట్టిందోనని నాకు ఎప్పటినుంచో కుతూహలం. కూపీ లాగితే తేలిందేమిటంటే, అది కింది అంతస్తులోని గడియారాల రిపేరు షాపులోంచి పుట్టింది.

పైన బరువు దభీమని పడ్డప్పుడల్లా కింద గడియారాలు బాగుచేసే ఆయన బల్ల మీది స్క్రూలు ఎగిరిపోయేవట. ఆవగింజలో సగం ఉండే స్క్రూ నేలమీద పడితే దొరుకుతుందా? ఆయన వెళ్లి బిల్డింగు ఓనరుతో మొరపెట్టుకున్నాడు. ఇంకొక్క చప్పుడు వినిపిస్తే గది ఖాళీ చెయ్యాల్సిందేనని ఓనరు బాబాయికి తేల్చి చెప్పాడు. ఆ గది పోతే బాబాయికి వేరే బతుకుతెరువు లేదు.

దాంతో బాబాయి ఒక నియమం పెట్టాడు. బరువు దింపితే పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడకూడదు. కుర్రాళ్లు నాలుగు రోజులు చూసి, ఇది కసరత్తా జోలపాటా అని వెక్కిరించి వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులతో మా పిన్ని, నడుం పట్టేసిన ఒక బస్సు డ్రైవరు, ఇంకెవరో ఒకరిద్దరు మిగిలారు. వీళ్లచేత సగం కసరత్తే చేయిస్తున్నానని బాబాయికి లోలోపల సిగ్గు.

అయితే ఒక వింత జరిగింది. రోజూ అవలీలగా ఎత్తే బరువునే మెల్లగా ఎత్తమంటే డ్రైవరు చేతులు గజగజ వణికాయి. ఎందుకలా? బాబాయి తనే ఎత్తి చూసుకున్నాడు. విసురుగా లేపితే సగం పని ఆ విసురే చేసిపెడుతోంది. నిదానిస్తే ఆ సాయం ఉండదు, అంతా కండలే మొయ్యాలి. ఇక ఆయనకు పిచ్చి పట్టుకుంది. బిళ్లలు తగ్గించి, వేగం ఇంకా తగ్గించి, తనమీదా పిన్నిమీదా రకరకాలుగా ప్రయత్నించి చూశాడు. కొన్నాళ్లకు పిన్ని రెయిలింగు పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చేసింది.

ఒకరోజు గడియారాలాయన పైకి వచ్చాడు. మళ్లీ ఏ చప్పుడు వినిపించిందోనని బాబాయి బిళ్లలన్నీ ఓసారి చూసుకున్నాడు. డ్రైవరు ఎత్తిన బరువు ఎత్తినట్టే పట్టుకుని ఆగిపోయాడు.

ఆయన లోపలికి తొంగిచూసి, “ఉన్నారా? ఏ అలికిడీ లేకపోతే ఖాళీ చేసి వెళ్లిపోయారేమో అనుకున్నా. నావల్లే కదా అని మనసు పీకుతోంది” అన్నాడు. కాస్త నసిగి, “అప్పుడప్పుడూ ఒకటి పడేస్తూ ఉండండి. మీరున్నారని తెలుస్తుంది” అన్నాడు.

బాబాయి సంతోషం పట్టలేకపోయాడు. ఆ పట్టుకున్నది అక్కడే వదిలెయ్యమని డ్రైవరుతో అన్నాడు.

డ్రైవరు వదల్లేదు. మెల్లమెల్లగా దింపి, చప్పుడు కాకుండా పెట్టి, చెమట తుడుచుకున్నాడు.

“కుదరదు మాస్టారూ. వదిలేస్తే సగం కసరత్తే చేసినట్టు.”