గవర్రాజు కాలికెక్కిన మెట్టె

నేను ఒక వెండి మెట్టెను. కుడికాలిదాన్ని. ఎడమకాలిది నా కవల. దాని బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

అమలాపురంలో ఓ కంసాలి నన్ను చేశాడు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, పెళ్ళిలో సన్నికల్లు తొక్కించి, గవర్రాజు నన్ను సత్యవేణి కాలి రెండోవేలికి తొడిగాడు. కంగారులో ముందు బొటనవేలికి ఎక్కించబోతే పురోహితుడు దగ్గి సరిచేశాడు.

గవర్రాజు కరెంటు లైన్‌మన్. వానలో కూడా స్తంభం ఎక్కుతాడు. డిపార్టుమెంటు ఇచ్చిన రబ్బరు గ్లౌజుల్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటకెక్కించాడు. "మా ఆవిడ కాలికి మెట్టెలున్నంత కాలం నాకేమవుద్దండీ?" అని ఇంజనీరుగారితోనే అనేవాడు. సత్యవేణిదీ అదే నమ్మకం. ఆయన స్తంభం ఎక్కాడని తెలిస్తే చాలు, వంగి నన్నోసారి తడుముకునేది. వెండిలో కరెంటు ఎంత హాయిగా పారుతుందో లైన్‌మన్‌కి తెలియదా? తెలుసు. అయినా ఓ నిండు ప్రాణాన్ని తులమైనా తూగని నా నెత్తిన పెట్టి నిశ్చింతగా నిద్రపోయారు.

సత్యవేణి ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఖోఖో నేర్పడంలో దిట్ట. ఆవిడ పాదానికి ఏడో నంబరు బూటు కావాలి. ఆడదానికి అంత పాదమేమిటి, నలుగురూ నవ్వరూ అని ఐదో నంబరులో ఇరికించేది. ఏళ్ళ తరబడి అలా ఇరికిస్తే పాదం మాత్రం ఏం చేస్తుంది? బొటనవేలు పక్కకి ఒరిగి మా వేలి మీద చేరగిలబడింది. దాని మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చింది. నాకు మధ్యలో ఊపిరాడలేదు.

ఇంట్లో అందరూ దాన్ని ఆనెకాయ అన్నారు. ఆముదం రాశారు. ఉప్పునీళ్ళలో నానబెట్టారు. గవర్రాజు బ్లేడుతో చెక్కబోయి చీవాట్లు తిన్నాడు. ఎముకని ఆముదంతో కరిగిద్దామనుకునే తెలివి మనుషులకే ఉంది లెండి. చివరికి పిల్లలతో పాటు పరిగెత్తాల్సిన మనిషి కుర్చీలో కూర్చుని విజిల్ ఊదడం మొదలెట్టింది. పిల్లలు అటు తిరిగినప్పుడు కళ్ళు తుడుచుకునేది. నాకు చాలా బాధేసింది.

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఇది ఆనెకాయ కాదమ్మా, కీలే పక్కకి జరిగింది అని చెప్పింది. మీ అమ్మగారికీ ఉండేదా అని అడిగింది. ఉండేది. వంశంలో ఉన్నదాన్ని ఇరుకు బూట్లు ఇంకా పెంచాయంది. ముందు వెడల్పు బూట్లు వేయించింది, వేళ్ళ మధ్య మెత్తటి జెల్లీ ముక్క పెట్టించింది. ఆ జెల్లీముక్కకీ నాకూ ఒక్కరోజూ పొసగలేదు. నొప్పి కాస్త తగ్గింది గాని పరుగు రాలేదు. ఆరు నెలలు చూసి, ఇక ఆపరేషన్ చేసి ఎముక సరిచేద్దామంది. కుడికాలి మెట్టె తీసి రమ్మంది, చెప్పులు బయట విడిచి రమ్మన్నంత తేలిగ్గా.

సత్యవేణి ఆపరేషనే వద్దంది. "కుంటుకుంటూ బతుకుతాను గానండీ, మిమ్మల్ని పోగొట్టుకోలేను" అంది.

గవర్రాజు పైకి ధైర్యం చెప్పాడు గాని ఆయనకీ అన్నం సయించలేదు. ఆఖరికి ఆపరేషన్ రోజు తన ప్రాణం కాపాడుకోవడానికి పథకం వేశాడు. ఆ రోజు స్తంభం ఎక్కడు. ఒంటరిగా రోడ్డు దాటడు. ముల్లుంటుందని చేప ముట్టడు. ఆసుపత్రిలో ఫ్యాను కింద కూర్చోడు. ఈ హామీలన్నీ విన్నాక ఆవిడ సరేనంది.

తీరా సబ్బునీళ్ళు రాసి నన్ను జారుస్తుంటే మళ్ళీ ఏడుపు అందుకుంది. అప్పుడు ఆయా మంగాయమ్మ ఉపాయం చెప్పింది. "ఆలుమగలిద్దరూ ఒకటే కదమ్మా. తీసింది తీసినట్టు ఆయన కాలికెక్కించెయ్యి. దోషమేముంది?"

నర్సులు నోళ్ళు నొక్కుకుని నవ్వుతుండగా నేను గవర్రాజు వేలెక్కాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. కానీ ఆ గంటన్నరా ఆయన వరండాలో ఆగకుండా పచార్లు చేశాడు. వేలు పొంగింది. నేను రానన్నాను. సబ్బు, నూనె, దారం, ఏదీ పనిచేయలేదు. కత్తిరిస్తానని డాక్టరమ్మ అంటే, వద్దని ఇద్దరూ ఒకేసారి అరిచారు. మర్నాడు డ్యూటీకెళ్తే ఇంజనీరుగారు నన్ను చూసి, ఒంటి మీద లోహంతో స్తంభం ఎక్కనివ్వనని ఇంటికి పంపేశాడు. ఇన్నాళ్ళూ ఆయన ప్రాణం కాపాడిన నేనే ఆయన ప్రాణానికి ముప్పునయ్యాను.

ఆలుమగలిద్దరూ ఒకే స్టూలు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. నాలుగో రోజుకే గవర్రాజు మూలిగాడు.

"వేణీ, ఇది పొడుస్తోందే."

"ఇరవై ఎనిమిదేళ్ళు" అంది ఆవిడ.

ఆయన ఆవిడ కట్టు వైపు చూశాడు. ఆ పూట నుంచి వంట ఆయనే చేశాడు.

ఆరు వారాలు గడిచాయి. సత్యవేణి వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నగా నడిచింది. నడిచి, లోపలికెళ్ళి, ఆయన కటింగ్ ప్లేయర్ తెచ్చింది.

"కాలు చాపండి."

"ఏమన్నా అయితేనో?"

"మీకు స్తంభం కావాలి, నాకు మీరు కావాలి. చాపండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. టక్కున తెగాను. ఎక్కడో కాకి అరిచింది.

"ఉన్నానా?" అన్నాడు గవర్రాజు, కళ్ళు తెరవకుండానే.

"ఉన్నారు. లేచి కాఫీ పెట్టండి."

ఆ సాయంత్రమే ఆవిడ అటక మీది డబ్బా దింపించింది. గ్లౌజులు పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి. మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని ఇంజనీరుగారి దగ్గరికెళ్ళి కొత్త జత ఇప్పించింది.

ఇప్పుడు సత్యవేణి ఏడో నంబరు బూట్లు వేసుకుని పిల్లల వెంట పరిగెడుతోంది. గవర్రాజు డ్యూటీకి బయల్దేరేటప్పుడు ఆవిడ తన కాలు తడుముకోదు. ఆయన చేతులు చూస్తుంది. గ్లౌజులు ఉండాల్సిన చోట ఉన్నాయి. వాటి డబ్బాలో నేనున్నాను.