ముఠాలో నాలుగో మనిషి

వేసవి సెలవులకి సూర్యతేజ హాస్టల్ నుంచి వస్తూ ఒక వీడియో క్యాసెట్ పట్టుకొచ్చాడు. ఎప్పటిదో నలుపు తెలుపుల ఇంగ్లీషు సినిమా. నలుగురు దొరల పిల్లలు, ముగ్గురు మగపిల్లలూ ఒక ఆడపిల్లా, సముద్రపొడ్డున దొంగసరుకు దించేవాళ్లని వెంటాడి పోలీసులకి పట్టిస్తారు. మాటలు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా భీమవరం పక్కనున్న వాళ్ల డాబాలో పిల్లలు దాన్ని అరిగిపోయేదాకా చూశారు. చూసి ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. సూర్యతేజ, పెదనాన్న కొడుకులిద్దరూ కలిసి ముఠా కట్టారు.

"నేనూ వస్తానన్నయ్యా" అంది సూర్యతేజ చెల్లెలు, తొమ్మిదేళ్ల మంజుష.

"సినిమాలో ఆ పిల్ల ఏం చేసింది? రొట్టెలు మూటగట్టింది. నువ్వూ అంతే. దొంగని పట్టుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడు సూర్యతేజ.

మంజుషకి ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. మహా పంతం పిల్ల. తమ రొయ్యల చెరువుగట్ల మీదా, షెడ్డు చుట్టూ ఎండనపడి కాపలా కాసింది. దొంగన్నవాడు దొరికితేగా!

ఓ మధ్యాహ్నం పెరట్లో అమ్మ జానకీదేవి, షెడ్డులో రొయ్యల తలలు తీసే లోవలక్ష్మికి సంచిలో కాసిని రొయ్యలు వేసిస్తోంది. "జ్వరంపడి లేచింది నీ పిల్ల, నోటికి హితవుగా వండిపెట్టు. ఆయన కంటపడకుండా పట్టుకెళ్లు" అంది. షెడ్డు దాటి ఒక్క రొయ్య బయటికి పోకూడదని మంజుష నాన్న దుర్గాప్రసాదరాజుగారి కట్టడి. తలుపు చాటునున్న మంజుషని చూసి లోవలక్ష్మి నవ్వింది కూడా.

మంజుష వీధివైపు పరిగెత్తి "దొంగ! దొంగ!" అని అరిచింది.

అన్నలొచ్చి సంచి లాగేశారు. రొయ్యలు పెరడంతా చెల్లాచెదురయ్యాయి. దుర్గాప్రసాదరాజుగారు అరుగు దిగొచ్చారు.

"అమ్మగారే ఇచ్చారండి, అడగండి" అంది లోవలక్ష్మి.

జానకీదేవి మొగుడి మొహం చూసింది. "నేనెందుకిస్తాను?" అంది. ఇచ్చిన చెయ్యి ఇంకా తడారలేదు. ఛీ, అదేం పిరికితనం!

లోవలక్ష్మి మంజుష ముందు కూలబడింది. "మీరక్కడే ఉన్నారు కదండీ అమ్మాజీ, చెప్పండమ్మా. పని పోతే మేం బతకలేమండి."

"నువ్వేం చూశావమ్మా?" అన్నారు రాజుగారు.

మంజుష అన్నయ్య వైపు చూసింది. నిజం చెబితే దొంగా లేదు, ముఠా లేదు.

"షెడ్డులోంచి ఎత్తుకొస్తుంటే చూశాను నాన్నగారూ. ఇంతకుముందు కూడా రెండుసార్లు చూశాను" అంది.

ఆ రెండుసార్ల సంగతి ఆ పిల్లని ఎవరూ అడగలేదు. అలా చెబితే ఇంకా బాగుంటుందనిపించింది, చెప్పేసింది.