నేల తగలని బంతి

అమృతమ్మ కోర్టు ఊడ్చేసరికి ఏడు కావస్తోంది. రాత్రి గాలివానకి పక్కతోటలోంచి ఎగిరొచ్చిన మామిడాకులు సిమెంటు గచ్చుకి తడిగా అంటుకుపోయాయి. చీపురుకి రావడం లేదు. వంగి, ఒక్కొక్క ఆకునీ గోటితో లేపి తట్టలో వేసింది. తడి ఆకు మీద అడుగు పడితే పిల్ల జారుతుంది. కాలు మడతపడిన పిల్లని మళ్ళీ ఆటకి పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు.

ఆమె పొట్టి మనిషి. ముంజేతుల నిండా మామిడి తొడిమల్లోంచి కారే జీడి కాల్చిన నల్లటి మచ్చలు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, నిద్రలేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా అలాగే తిరుగుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ హైస్కూల్లో ఆయా. డ్రిల్లు మాస్టారు లేని నాలుగేళ్ళూ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుని కూడా ఆమే నడిపింది. నడపమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. కాగితాల ప్రకారం ఆమెకి ఈరోజుతో అరవై నిండాయి. సాయంత్రం తాళాలు ఇచ్చేసి వెళ్ళిపోవాలి. పిల్లలకి ఆ సంగతి తెలియదు. మ్యాచి అయ్యేదాకా చెప్పవద్దని హెడ్మిస్ట్రెస్ సుభద్ర దగ్గర మాట తీసుకుంది.

సుభద్ర కూడా ఒక షరతు పెట్టింది. హనుమాన్ జంక్షన్‌లో జరిగే జోన్ పోటీలకి పేర్లు పంపడానికి ఈరోజే ఆఖరు. కిందటేడు వెళ్ళి రెండుకి నలభై పాయింట్లతో ఓడి వచ్చారు. "సాయంత్రం నూజివీడు పిల్లలు వస్తున్నారు. వాళ్ళ మీద గెలిస్తే సంతకం పెడతాను. ఓడితే ఈ ఏడు వద్దు అమృతమ్మా. నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు" అంది.

పిల్లలు నలుగురే వచ్చారు. ఒకరికొకరు బంతి విసురుకుంటున్నారు. చప్పుడే లేదు. బంతి చేతికి తగిలే క్షణంలో చేతులు దానితోపాటే మెత్తగా వెనక్కి వెళ్తాయి. ఊళ్ళో పిల్లలందరికీ అదే అలవాటు. చెట్టు మీది మనిషి కాయ తెంపి విసిరితే కింద ఆడవాళ్ళు అలాగే పట్టుకుంటారు. నేల తగిలిన కాయ రెండోరోజుకి నల్లబడుతుంది. దాన్ని వేరే కుప్పలో వేస్తారు, పట్టుకోలేని మనిషి చాలా మాటలు పడుతుంది. నడక వచ్చిన నాటినుంచి ఆ మాటలు వింటూ పెరిగిన పిల్లలకి బంతిని కావాలని నేలకి కొట్టమంటే చెయ్యి రాదు.

కొత్త డ్రిల్లు మాస్టారు సాయికుమార్ పదిరోజులుగా తల పట్టుకుంటున్నది అందుకే. పాతికేళ్ళ కుర్రాడు, మంచివాడు.

"కొట్టాలి తేజస్వీ! కొడుతూ పరిగెత్తాలి!"

జట్టు నాయకురాలు తేజస్వి మూడుసార్లు కొట్టింది. నాలుగోసారి బంతి పాదానికి తగిలి గట్టు అవతలికి పోయింది.

"వీళ్ళు బంతిని పసిబిడ్డలా ఎత్తుకుంటున్నారేంటి ఆయమ్మా? కొట్టకుండా ఈ ఆట ఎక్కడైనా ఉందా?"

"కొట్టకపోతే తప్పని రూల్లో ఉందా సార్?"

"రూల్లో లేదు. కానీ…"

"లేదు కదా" అంది అమృతమ్మ. తట్ట ఎత్తుకుని ఆకులు పారబోయడానికి వెళ్ళింది.

ఆమెకి ఆ రూలు పదిహేనో ఏటినుంచి తెలుసు. నూజివీడు హాస్టల్లో చదివేటప్పుడు జిల్లా జట్టు ఎంపికకని విజయవాడ తీసుకువెళ్ళారు. ఆరోజు ఆమె పట్టుకోలేకపోయిన బంతి ఒక్కటి కూడా లేదు. కుర్చీలో కూర్చున్నాయన మాత్రం పేరు కొట్టేస్తూ, "తోటల్లోంచి వచ్చిందా? కాయలు పట్టుకోవడానికి పనికొస్తుంది" అని పక్కాయనతో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత పెళ్ళయింది, తోట పని, పిల్లలు, భర్త పోవడం, ఈ ఉద్యోగం. ఆ నవ్వు మాత్రం ఆమెకి అలాగే వినిపిస్తూ ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు.

"శ్వేత ఏదే?" అని అడిగింది తిరిగి వచ్చి.

"వాళ్ళ నానమ్మ తోటకి తీసుకెళ్ళింది. ఆఖరి కోత" అంది తేజస్వి. "రాకపోతే పోనీ ఆయమ్మా. ఎలాగూ బంతి నేనేగా వేసేది."

"నువ్వే వేస్తే మిగిలిన ముగ్గురూ ఎందుకే, చప్పట్లు కొట్టడానికా?"

మిగిలిన ముగ్గురూ కిసుక్కున నవ్వారు. తేజస్వి మూతి ముడుచుకుంది.

మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడిగేశాక అమృతమ్మ ముసునూరు రోడ్డు పట్టుకుని తోటకి నడిచింది. కోత అయిపోవచ్చిన తోటలో జీడి వాసన, కుళ్ళిన కాయల మీద ఈగలు. చెట్టుకింద పున్నమ్మ కాళ్ళు చాపుకుని చిన్నరసాలు ఏరుతోంది. పక్కన శ్వేత గోనెపట్టా పట్టుకుని నిలబడింది. అమృతమ్మని చూడగానే ఆ పిల్ల చూపు నేలమీదికి దిగింది.

"ఏంటి వదినా, దారి తప్పొచ్చావా?" అంది పున్నమ్మ తలెత్తకుండానే.

"నీ మనవరాలి కోసం వచ్చాను."

"పెళ్ళిచూపులకా?"

"నాలుగింటికి ఆట ఉంది."

"ఆటంట! ఆడపిల్ల నిక్కరేసుకుని ఎగిరితే ఈ కాయలు నువ్వు పట్టుకుంటావా?"

"పట్టుకుంటాను" అంది అమృతమ్మ. కొంగు బిగించి శ్వేత చేతిలోని పట్టా పక్కన పడేసింది. చెట్టు మీది మనిషికి కేక వేసింది. "వెయ్యి నాయనా! రెండేసి వెయ్యి!"

కాయలు రెండేసి వచ్చాయి. వట్టి చేతులతో పట్టింది. ఎండ కళ్ళలో పడుతున్నా, మోకాలు కలుక్కుమంటున్నా, చెట్టు ఖాళీ అయ్యేదాకా ఒక్క కాయనీ నేల తగలనివ్వలేదు. ఆఖరికి ఊపిరి అందక మొదలుకి ఆనుకుని నిలబడింది.

పున్నమ్మ అప్పుడు తలెత్తింది. "ముసలిదానివైనా నీ పొగరు తగ్గలేదే."

"ఇంకో చెట్టు ఉందా?"

"ఎందుకులే, చస్తావు. తీసుకుపో." పున్నమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఒసేయ్, దెబ్బ తగిలించుకుని వచ్చావో, తాట తీస్తాను."

నాలుగింటికి నూజివీడు పిల్లలు వ్యానులో దిగారు. తెల్లటి బూట్లు, వీపుల మీద పేర్లు. వాళ్ళని చూసి ఈ ఐదుగురూ ఒకరినొకరు అంటిపెట్టుకుని నిలబడ్డారు. వరండాలోంచి నల్లబల్ల తెచ్చి గోడకి ఆనించారు.

"అమృతమ్మా, ఆట సంగతి మాస్టారు చూసుకుంటారు. నువ్వు స్కోరు రాయి" అంది సుభద్ర. ఆమె గొంతులో కోపం లేదు. చివరిరోజు కదా, నీడపట్టున ఉంటుందని కాబోలు.

అమృతమ్మ సుద్దముక్క తీసుకుంది.

సాయికుమార్ చెప్పినట్టే పిల్లలు బంతి నేలకి కొట్టారు. కొట్టిన ప్రతిసారీ అవతలి పిల్లలు వంగి తన్నుకుపోయారు. కంగారులో ఒకరినొకరు గుద్దుకున్నారు. దొరికిన కాస్త బంతీ తేజస్వి ఎవరికీ ఇవ్వకుండా దూరం నుంచి విసిరి పోగొట్టింది. శ్వేత బుగ్గల మీద కన్నీళ్ళు. వ్యాను డ్రైవరు కూడా దిగివచ్చి నవ్వుతూ చూస్తున్నాడు. సగం ఆట అయ్యేసరికి అమృతమ్మ బల్ల మీద మూడు, పదహారు అని రాసింది. రాస్తుంటే సుద్దముక్క విరిగింది.

ఆమె ఆ ముక్కతోనే సుభద్ర కుర్చీ దగ్గరికి వచ్చింది.

"మేడం, ఇది పట్టుకోండి."

"ఎందుకు?"

"మిగిలింది మీరు రాయండి. నాకు పనుంది."

హెడ్మిస్ట్రెస్ ఏదో అనబోయేలోగా సుద్దముక్క ఆమె అరచేతిలో ఉంది. అమృతమ్మ కోర్టు మధ్యకి నడిచింది. సాయికుమార్ అడ్డం రాలేదు. నీళ్ళ సీసా అందించి ఒక పక్కకి జరిగాడు.

"ఏడుపు ఆపండి. ఇప్పటినుంచి బంతి నేల తగలకూడదు. ఒక్కసారి కూడా తగలకూడదు. పట్టుకున్నచోటే ఒక కాలు మేకులా పాతండి, రెండోది తిప్పుకోండి. చేతిలో ఉన్నది చూడకండి, ఖాళీగా నిలబడ్డది ఎవరో చూడండి. దానికి విసరండి."

"వాళ్ళు నవ్వుతారు ఆయమ్మా" అంది శ్వేత.

"నవ్వనీ. నవ్వేవాడికి ఊపిరుండదు, పరిగెత్తలేడు." తేజస్వి వైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. కాయ తెంపినవాడు కొమ్మమీదే కూచుని తినేస్తాడా, కిందికి అందిస్తాడా?"

తేజస్వి శ్వేత వైపు చూసింది. "అందిస్తాడు" అంది.

బంతి గాల్లోనే తిరగడం మొదలైంది. మొదట అవతలి పిల్లలు నవ్వారు. తర్వాత బంతి వెంట పరిగెత్తారు. ఎవరి దగ్గరికి పరిగెత్తినా అప్పటికే అది అక్కడ ఉండటం లేదు. ఎంత వేగంగా వచ్చిన బంతి అయినా ఈ పిల్లల చేతుల్లో చప్పుడు లేకుండా ఆగిపోతోంది. తేజస్వి రెండుసార్లు తనే వేయబోయి, ఆగి, శ్వేతకి అందించింది. శ్వేత వేసింది. రింగు అంచు మీద తిరిగి తిరిగి లోపల పడింది. సుభద్ర కుర్చీలోంచి ఎప్పుడు లేచి నిలబడిందో ఎవరూ చూడలేదు. "అందించవే! అందించు!" అని ఆవిడ కేక వేస్తుంటే బడి పిల్లలంతా ఆటొదిలేసి ఆవిడనే చూశారు.

ఈల మోగేసరికి ఇరవై ఒకటి, ఇరవై ఆరు. ఓడిపోయారు.

పిల్లలు గచ్చుమీద కూలబడ్డారు. అమృతమ్మ తిన్నగా సుభద్ర దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఫారం ఇవ్వండి మేడం."

"గెలవలేదు కదా అమృతమ్మా."

"సుద్దముక్క మీ చేతికి వచ్చాక ఎవరు గెలిచారో మీరే చూసుకోండి. మీరు రాసిందేగా."

సుభద్ర బల్ల వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. రెండో సగంలో పద్దెనిమిది, పది.

"ఏం మనిషివమ్మా నువ్వు!" అంది. సంతకం పెట్టేటప్పుడు ఆవిడ వేళ్ళకంటిన సుద్ద కాగితం అంచుకి అంటుకుంది.

సాయికుమార్ ఫారం నింపుతూ ఆగాడు. "కోచ్ అన్నచోట ఎవరి పేరు రాయను?"

"నీ పేరే రాయి బాబూ. రేపు ఇక్కడ ఉండేవాడి పేరు ఉండాలి." కొంగు దోపుకుంటూ అంది. "బంతి కొట్టడం కూడా నేర్పు. అదీ రావాలి. భయపడి మాత్రం కొట్టనివ్వకు."

అతను తల ఊపాడు.

వెళ్తూ వెళ్తూ తేజస్వి గేటు దగ్గర వెనక్కి తిరిగింది. "రేపు ఏడింటికేగా ఆయమ్మా?"

"ఏడింటికే" అంది అమృతమ్మ. "ఐదుగురూ రావాలి."

మబ్బు కమ్ముకొచ్చింది. ఆమె రోజూలాగే తడిగుడ్డ తీసుకుని ఒక్కో క్లాసుకీ వెళ్ళింది. ఆరో తరగతి నల్లబల్ల తుడిచింది, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. కిటికీలు వేసి, తాళాలు వేసి, తాళాల గుత్తి సుభద్ర మేజా మీద పెట్టింది. కోర్టు గోడకి ఆనించిన బల్ల ఒక్కటి మిగిలింది. గుడ్డ చేతిలో పట్టుకుని దాని ముందు నిలబడింది. గుడ్డని పిండి, దండెం మీద ఆరేసింది. బల్లని రెండు చేతులా ఎత్తి, వరండాలోకి మోసుకొచ్చి, జల్లు కొట్టని మూలకి జరిపింది.

రోజూ ఆమె ఇంటికి ఎక్కివెళ్ళే ఆగిరిపల్లి ఆటో గేటు దగ్గర ఆగి, ఆమెని ఎక్కించుకుని కదిలిపోయింది.

వరండా మూల నల్లబల్ల మీద, అమృతమ్మ రాసిన నిలువు అంకెల కింద సుభద్ర వాలు అంకెలు ఉన్నాయి. ఎవరూ తుడవలేదు.